నికానామా అమానత్

జుమా నమాజు ముగిశాక జంగారెడ్డిగూడెంలో మా చేతికి తరచుగా అందేది ఉర్దూ నికానామా. చదివి చెప్పమంటారు. భర్త సౌదీలో ఇఖామా, అంటే నివాస అనుమతి మీద ఉంటాడు. భార్యకూ అది రావాలంటే నికాహ్ జరిగిందని కాగితమే చెప్పాలి. ఊరంతా సాక్ష్యం పలికినా చెల్లదు.

చిక్కల్లా పేర్లతోనే. మన ‘షేక్’నే చూడండి. ఇంగ్లీషులో ఒకచోట ఎస్-హెచ్-ఎ-ఐ-కె, మరొకచోట ఎస్-హెచ్-ఇ-ఐ-కె-హెచ్, బడి రిజిస్టరులో ఎస్-కె పెట్టి చుక్క! నికానామాలో మస్తాన్ బీ, ఆధార్‌లో మస్తానీ, పాస్‌పోర్టులో మస్తాన్ బేగం అయితే అధికారి కంటికి వారు ముగ్గురు స్త్రీలు. దానికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాత కాగితంలో మనది పశ్చిమ గోదావరి, కొత్తదానిలో ఏలూరు.

తేదీ సంగతి ఇంకా సున్నితం. హిజ్రీ దినం మగ్రిబ్‌తో మొదలవుతుంది. శనివారం ఇషా తరువాత చదివిన నికాహ్‌కు ఆదివారపు హిజ్రీ తేదీ పడుతుంది. పైగా సౌదీ క్యాలెండరుకూ మన నెలవంకకూ ఒక రోజు తేడా రావడం మామూలే. కనుక ఇంగ్లీషు తేదీ కూడా అప్పుడే పక్కన వేయాలి.

ఇందులో మా తప్పూ ఉంది. ఖాజీగారు చెబుతుండగా మేము రాసిన ఒక నికానామాలో వధువును ఇంట్లో పిలిచే పేరే వేశాము. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ పేరు సరిచేయించుకునే సరికి ఆమె బిడ్డ నడక నేర్చాడు. తండ్రి ఆ నడక ఫోనులోనే చూశాడు.

దివ్య ఖురాన్‌లోని అతి పెద్ద ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అప్పు పత్రం గురించినదది. వ్రాయించుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులుండాలని అందులో ఆదేశం ఉంది. అప్పుకే అంత జాగ్రత్త అయితే నికాహ్ రాసే మావంటివారి చేతిలోని కలం ఎంత అమానత్!

ఇక కాగితం నడిచే దారి. 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం మన వివాహాలూ నమోదు కావాలి. ఆ ధ్రువపత్రం దగ్గరుంటే సగం తిప్పట తగ్గుతుంది. దానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్. 2022 డిసెంబరు 7 నుంచి సౌదీ కూడా అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. గల్ఫ్ అంతటా ఇదే పద్ధతి అనుకోరాదు, వెళ్లే దేశాన్ని బట్టి కనుక్కోవాలి. అసలు కాగితానికి మాత్రం లామినేషన్ చేయించవద్దు. అపోస్టిల్ స్టిక్కరు కాగితం వెనుక అంటిస్తారు, ప్లాస్టిక్ మీద కాదు.

ఇప్పుడు మేము నికాహ్‌కు ముందు రోజే ఇరువైపులవారినీ పాస్‌పోర్టులు, పదో తరగతి పత్రాలు తెమ్మంటున్నాము. ‘పెళ్లికా, ప్రయాణానికా మౌల్వీసాబ్?’ అని పెద్దలు నవ్వుతారు. నవ్వనిచ్చి, అక్షరం అక్షరం చూసి రాసుకుంటాము.