ఆఫీసు తీరే నగరం తీరు

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుట్టినదన్న వార్త పొక్కగానే లక్షలాది జనం రైళ్లకూ బస్సులకూ ఎగబడి ఊరు విడిచిపోయినారు. మరమగ్గాలు ఆగినవి. వజ్రాలు సానబట్టే కార్ఖానాలు మూతబడినవి. రెండేళ్లు తిరిగేసరికి, 1996లో, దేశంలోని పరిశుభ్ర నగరాలలో చండీగఢ్ తరువాతి స్థానం అదే సూరత్‌కు దక్కినది!

1995 మే నెలలో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చాలవరకు పాత సిబ్బందితోనే ఈ పని సాధించినారు. ఆయన ముందుగా చక్కదిద్దినది ఆఫీసును. చెత్త ఒక శాఖది, మురుగుకాలువ మరొక శాఖది, రోడ్డు వేరొకరిది. ఈ మూడూ ఒకే సందులో ఉన్నా, వాటి ఫైళ్లు కలిసేది కమిషనరు బల్లమీదనే. రావు నగరాన్ని ఆరు మండలాలు చేసి, ఒక్కొక్క మండలాధికారికి దాదాపు తన అధికారాలన్నీ, ఖర్చుపెట్టే అధికారంతో సహా, అప్పగించినారు. ఉదయం అధికారులందరూ వీధులలో ఉండవలె. మధ్యాహ్నం సమీక్ష జరుగవలె.

సాఫ్ట్‌వేరు నిర్మాతలకు ఈ చిక్కు చిరపరిచితమే. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు మెల్విన్ కాన్వే 1968లో ఒక వింత ఉదాహరణ చెప్పినాడు. ఒక సంస్థలో ఎనిమిదిమందికి రెండు కంపైలర్లు, అనగా ప్రోగ్రాములను యంత్రభాషలోనికి మార్చే సాధనాలు, తయారుచేసే పని పడినది. కోబాల్‌కు ఐదుగురిని, ఆల్గాల్‌కు ముగ్గురిని నియమించినారు. తీరా చూస్తే మొదటిది ఐదు దశలలో, రెండవది మూడు దశలలో పనిచేసినవి! మనుషులను ఎట్లు పంచితే సాఫ్ట్‌వేరు అట్లే చీలినది.

వారం వారం కొత్త సదుపాయాలు అందించి ఖాతాదారులను నిలుపుకొనవలెనని ఒక బ్యాంకు తలచినదనుకొందాం. తెరలు ఒక బృందానివి, లెక్కల నిల్వ మరొకరిది, పరీక్ష ఇంకొకరిది అయితే, చిన్న మార్పు సైతం సూరత్ చెత్త ఫైలు వలె మూడు గుమ్మాలు తొక్కవలసినదే. అందుకే నేడు పలు సంస్థలు అప్పుల విభాగాన్ని మొదలు నుండి తుది వరకు ఒకే బృందానికి, చెల్లింపులను మరొక బృందానికి అప్పగిస్తున్నవి.

అయితే అన్నిటినీ ముక్కలు చేయడమూ తెలివి కాదు. వీధి ఊడ్చే పనిని ఆరుగా పంచవచ్చు. తపతీ నీటిని ఊరంతటికీ తెచ్చే గొట్టాన్ని పంచలేము. బ్యాంకులో ఖాతాదారుని గుర్తించే ఏర్పాటూ అటువంటిదే. ఏది పంచవలె, ఏది ఉమ్మడిగా ఉంచవలె అన్నది వ్యాపారలక్ష్యాన్ని ఎరిగిన యజమాని తేల్చవలసిన సంగతి. చాలాచోట్ల దీనిని ఇంజనీర్లకు వదలివేస్తారు. వారు తమ బృందం హద్దు వరకే చూడగలరు.

1997 డిసెంబరులో రావు బదిలీ అయినారు. మండలాలు మిగిలినవి, నగరం పెరిగినకొద్దీ వాటి సంఖ్య కూడా పెరిగినది.