కొండ కదిలే ముందు

హిమాలయాల్లో చలికాలపు ప్రయాణాలు చేసేవారికి మంచుచరియల భయం. వాలు ఎంత ఉన్నది, పాత మంచుమీద కొత్త మంచు ఎంత పేరుకున్నది, గాలి ఎటు వీచింది అని చూసుకుని గాని వారు అడుగు ముందుకు వెయ్యరు. 30 నుంచి 45 డిగ్రీల వాలు అన్నిటికంటె ప్రమాదమని వారి లెక్క. మన తూర్పు కనుమల్లో ఆ బాధ లేదు. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిమీద మంచు పేరుకున్నా, ఎండ పొడ తగలగానే కరిగిపోతుంది. ఐతే మన కొండల చరియలూ విరుగుతాయి. వాటిని కదిలించేది మంచు కాదు, వాన.

మనవాళ్లు పిల్లాపాపలతో అరకు బయలుదేరేది ఎప్పుడు? కార్తీకంలో, వలిసెపూలు పసుపు ఆరబోసినట్లు విచ్చుకున్నప్పుడు. బంగాళాఖాతంలో తుఫానులు పుట్టేదీ ఆ రోజుల్లోనే! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఘాటులో చెట్లు కూలి, చరియలు విరిగాయి. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం కూడా దెబ్బ తిన్నది.

శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కేటప్పుడు, రోడ్డుకోసం కోసిన కొండను ఒకసారి పరకాయించి చూడండి. ఎర్రమట్టి, దాని మధ్య పొరలుగా మెత్తబడిన రాయి. ఆ రాతిని ఖోండలైటు అంటారు. ఈ కొండల్లో నివసించే ఖోండుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరది. ఎండకూ వానకూ యుగాల తరబడి మాగి, ఈ రాయి పైపైన బంకమట్టిగా మారుతుంది. ఆ మట్టి నీళ్లు తాగితే బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది. చెట్లవేళ్లు ఉన్నచోట కొంత నిలుస్తుంది. రోడ్డుకోసం కొండ అడుగు తొలిచినచోట మాత్రం, బియ్యపు బస్తాల దొంతరలో అడుగు బస్తా లాగినట్లే అవుతుంది.

ఈ దారిన నేను పలుమార్లు బస్సులో వెళ్లాను. ఒకసారి అనంతగిరికి దిగువన డ్రైవరు హఠాత్తుగా బస్సు ఆపేశాడు. వాన వెలిసి ఎండ కాస్తున్నది.

“వాన ఆగిందిగా, పోనీవయ్యా!” అన్నారు ముందు సీటులోని పెద్దమనిషి.

డ్రైవరు రోడ్డు పక్క గోడను చూపించాడు. “పొద్దున దిగేటప్పుడు ఆ కన్నాల్లోంచి తేటనీళ్లు కారాయండి. ఇప్పుడు ఎర్రగా వస్తున్నాయి. పైన మట్టి కదులుతోంది బాబూ” అన్నాడు.

అరగంట కాలేదు, మలుపు అవతల మట్టీ రాళ్లూ రోడ్డుమీదికి దిగాయి. పెద్దమనిషి మరి మాట్లాడలేదు.

వాన ఆగిందంటే ప్రమాదం తప్పిందని అర్థం కాదు. పైన కురిసిన నీరు లోపలికి ఇంకి, అడుగున గట్టిరాతిని చేరటానికి వ్యవధి పడుతుంది. చరియ ఎండలోనూ విరగవచ్చు.

కొండ చాలాసార్లు ముందుగానే గుర్తులు చూపిస్తుంది. నిలువుగా ఉండే చెట్లు, స్తంభాలు లోయవైపు ఒరుగుతాయి. వాలుమీద అడ్డంగా పగుళ్లు తీస్తాయి. అడ్డుగోడ కడుపు ఉబ్బినట్లు ముందుకు వస్తుంది. చిన్న చిన్న రాళ్లు ఆగి ఆగి రాలుతాయి. వాన కురుస్తూ ఉండగానే వాగు సన్నబడిందంటే మరీ అనుమానించాలి. ఎగువన మట్టి అడ్డుపడి నీరు నిలిచి ఉండవచ్చు. అది తెగితే ఒక్కసారిగా వస్తుంది.

వానాకాలంలో రైలువారు ప్రమాదం ఉన్నచోట్ల గస్తీ మనుషులను పెడతారు. కారులో వెళ్లే మనకు గస్తీ మనమే. తుఫాను హెచ్చరిక ఉంటే బయలుదేరవద్దు. పెద్దవాన తర్వాత ఒకటి రెండు రోజులు ఆగి, ఘాటు సంగతి కనుక్కుని పగటిపూటే వెళ్లండి. కోసిన కొండ కింద కారు ఆపి ఫోటోలు తీసుకోవద్దు. రోడ్డుమీద మట్టి పారుతుంటే దాటవద్దు, వెనక్కి తిరగండి. స్థానికులు “ఆగండి బాబూ” అంటే ఆగండి. ఆ కొండ ధోరణి వారికి తెలిసినంతగా మనకు తెలియదు.

సెలవు దొరక్క దొరక్క దొరికింది, గది అద్దె ముందే కట్టేశాం అంటారా? గది అద్దె పోతే పోయింది. వలిసెపూలు రెండు రోజుల్లో రాలిపోవు.