పశువు చేపుట - పీయూష గ్రంథి



నిరుడు మా గేదె యీనిన పదవనాడు దూడ చనిపోయెను. మఱునాటినుండి ఆ గేదె చేపుట మానినది. పాలేరు కసరి కొట్టినకొలది, వచ్చు నాలుగు చుక్కలును రాకపోయెను. పాలు కొనువాడొకడు, “సూది వేయుడు, వెంటనే చేపును” అని సలహా చెప్పెను. ఆ సూదిలోని మందేమో, గేదె పాలు పట్టియుంచుట యేలనో నేను విచారించి తెలిసికొన్న సంగతులను నేడు మీకు మనవి చేయుదును.

శరీరమున వార్తలు రెండు విధముల పోవును. నరములు తంతివలె క్షణములో వార్త చేర్చును. రెండవ మార్గము, కొన్ని గ్రంథులు నెత్తురులో కలిపెడు రసములు. వీనికి 1905లో స్టార్లింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరు పెట్టెను. ఈ గ్రంథులలో పెద్దఱికము పీయూష గ్రంథిది. అది మెదడు క్రింద కాడకు వ్రేలాడు కాయవలె నుండును. మనుష్యునిలో అది శనగగింజంత. బరువు సుమారు అర గ్రాము. శరీరము పెరుగుట, పశువు ఎదకు వచ్చుట, పాలు ఊరుట దాని యాజ్ఞకు లోబడినవే. అయినను పూర్వపు మునసబునకు పైన తాసీల్దారు ఉండినట్లు, దానికిని పైన మెదడు కలదు.

దూడ మూతితో పొదుగును కుమ్మగానే ఆ వార్త నరముల వెంట మెదడునకు పోవును. మెదడు ఆనతి నీయగా, పీయూష గ్రంథి వెనుక భాగమునుండి ఆక్సిటోసిన్ అను హార్మోను నెత్తురులోనికి వచ్చును. నిమిషము అటునిటుగా అది పొదుగును చేరి, పాలు నిలిచిన సన్నని తిత్తులను నొక్కును. పాలు చన్నులలోనికి దిగును. ఇదియే చేపు. కొలది నిమిషములలో ఆ హార్మోను బలము తగ్గును గనుక, చేపిన వెంటనే పిదుకవలెను. గేదెకు నూటికి 90 పాళ్లకు మించిన పాలు ఆ తిత్తులలోనే యుండును. చేపనిదే అవి దిగవు.

అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనువారు 1941లో ఒక పరీక్షను ప్రకటించిరి. ఆవు పొదుగున ఒక ప్రక్క నరములను కోసివేసినను, రెండు ప్రక్కలను చేపినది. కావున పొదుగునకు ఆజ్ఞ వచ్చినది నెత్తురు మార్గముననే. పిమ్మట కాగితపు సంచులు పేల్చి ఆవును బెదరించిరి, చేపు చెడినది. భయకాలమున మూత్రపిండములపైని గ్రంథులు విడుచు అడ్రినలిన్ అను హార్మోనును సూదితో ఎక్కించినను అట్లే జరిగినది. మా పాలేరు కఱ్ఱ చేసిన పనియు నిదియే. గేదెది మొండితనము కాదు.

ఇక ఆ సూదిమందు ఆక్సిటోసినే. దానిని 1953లో డు విన్యో అను రసాయన శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో తయారుచేసెను. పశువైద్యుని చేత అది ఔషధము. దినదినము వాడినచో, పశువు సూది లేనిదే చేపని అలవాటున పడును. పాలకొఱకు పాడిపశువునకు హానికరమగు సూదులు వేయుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టమున నేరము.

నేను సూది వేయింపలేదు; కఱ్ఱ మానిపించితిని. నా భార్య ప్రతిదినము అదే వేళకు కుడితి ముందుంచి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, నిమిరి, పిదుకసాగెను. అయిదవనాడు గేదె చేపినది. మునుపటియన్ని పాలు ఇయ్యలేదు గాని, ఇల్లు గడచినది.

పీయూషమనగా అమృతము, ఈనిన పశువు జున్నుపాలకును సంస్కృతమున అదే పేరు. మీ యింట పాలు పిదుకువారికి ఈ సంగతి చెప్పి, కొట్టమునుండి కఱ్ఱను తీసివేయింపుడు.