మురుగునీటి ఆకుకూరల సాగు – మహిళా కూలీలకు పేగు పురుగుల ముప్పు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆహారంలో ఇనుము లోపమే ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి. నగర శివార్లలో మురుగునీటితో ఆకుకూరలు పండించే ప్రాంతాలలో మాత్రం తిన్న ఇనుము ఒంట పట్టక ముందే రక్తం ఎటు పోతున్నదో కూడా పరిశీలించవలసి ఉంటుంది.

కొంకిపురుగు నోటి ద్వారా కాక ప్రధానంగా పాదాల ద్వారా ప్రవేశిస్తుంది. మలంతో నేలపై పడిన గుడ్ల నుండి వెలువడిన పిల్లపురుగులు నీడ, తేమ ఉన్న గుల్ల నేలలో 5–10 రోజులలో చర్మాన్ని తొలిచే దశకు చేరుతాయి. కాలివేళ్ల సందులలో దురద పుట్టించి, రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, అక్కడి నుండి గొంతుకు, చివరకు చిన్నపేగుకు చేరి గోడను పట్టుకుంటాయి. నెకేటర్ జాతి పురుగు ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.03 మి.లీ., ఆంకైలోస్టోమా జాతి పురుగు 0.15 మి.లీ. లేదా అంతకు మించి రక్తనష్టం కలిగిస్తాయి. ఒక్క పురుగు లెక్క స్వల్పమే. అవి పదుల సంఖ్యలో చేరినప్పుడు, నెలసరి, కాన్పుల వలన ఇనుము నిల్వలు ముందే తరిగిన మహిళకు ఆ నష్టం పూడదు. కలుపు తీత, కోత, కట్టలు కట్టడం ఎక్కువగా స్త్రీలే చేస్తారు. తడి మడిలో చెప్పులు నిలవవు కనుక ఒట్టి కాళ్లతోనే చేస్తారు.

ఏలికపాము దారి వేరు. ఆడపురుగు రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి నేలలో ఏళ్ల తరబడి చావవు. హైదరాబాదు దిగువన మూసీ నీటితో సాగయ్యే మడుల వంటి చోట్ల ఇవి ఆకులకు అంటుకుంటాయి. కోసిన కట్టలను అదే కాలువలో ముంచి తాజాగా కనిపించేట్లు చేయడం మరింత హానికరం. వండిన తోటకూరతో భయం లేదు. పచ్చిగా చల్లే కొత్తిమీర, పుదీనాలతోనే చిక్కు. ఉప్పునీటిలో ముంచినంత మాత్రాన గుడ్లు చావవు, పారే మంచినీటిలో ఆకు ఆకు విడదీసి కడగాలి. గర్భిణులు మట్టి తినే అలవాటు కూడా ఈ గుడ్లకు దారి ఇస్తుంది. దానిని కేవలం వేవిళ్ల కోరికగా కొట్టివేయరాదు.

అపరిమిత సాగుకు వాడే మురుగునీటిలో లీటరుకు ఒక గుడ్డుకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. గుడ్లు బరువైనవి, నీటిని కొన్ని రోజులు కుంటలో నిలిపితే అడుగుకు చేరుతాయి. పైనీటిని మాత్రమే తీసుకోవడం, చల్లకుండా కాలువల ద్వారా పారించడం, కోతకు ముందు తడులు ఆపడం రైతు చేయగలిగినవి. కుంట పూడికను మాత్రం నేరుగా మడిలో వేయరాదు.

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం ప్రధానంగా 1–19 ఏళ్ల వారి కోసం. గర్భిణులకు రెండవ త్రైమాసికంలో మాత్ర అందుతుంది. ముప్పై, నలభై ఏళ్ల కూలీ మహిళ ఈ రెండింటిలోనూ లేదు. విస్తరణ సిబ్బంది ఆకుకూరల గ్రామాలలో ఇనుము మాత్రల గురించి చెప్పేటప్పుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలపరీక్ష, వైద్యుని సలహాపై ఆల్బెండజోల్ విషయం కూడా ప్రస్తావించాలి. వీటితోపాటు పొలం దగ్గర మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదని కూడా అడగాలి.