వరుస తప్పరాని పట్టికలు

కృష్ణానదికి వరద వచ్చినప్పుడు నీరు మొదట కర్ణాటకలోని ఆలమట్టిని, పిదప నారాయణపూర్‌ను దాటి, గద్వాల దగ్గరనున్న జూరాలకు చేరును. అచ్చటినుండి శ్రీశైలము, నాగార్జునసాగర్, పులిచింతల మీదుగా కడపట విజయవాడలోని ప్రకాశం బ్యారేజికి పోవును. ఈ ఏడు పేర్లను, ప్రక్కన ఆనాటి నీటిమట్టములను, పంక్తికొకటి చొప్పున ఒక ఫైలులో వ్రాసితిమనుకొందము. కంప్యూటరు ఆ ఫైలును చదివి, పట్టికగా అచ్చువేయవలెను. చదివిన పంక్తులను అది తనలో ఏ రూపమున దాచవలెను? ఆ రూపమునకే దత్తాంశ నిర్మాణమని పేరు.

పేర్లను అకారాది క్రమమున అమర్చు నిర్మాణమును ఎన్నుకొన్నచో ఫలితమిట్లుండును: ఆలమట్టి, జూరాల, నాగార్జునసాగర్, నారాయణపూర్, పులిచింతల, ప్రకాశం, శ్రీశైలము. ఇందులో ఒక పేరు గాని, ఒక అంకె గాని తప్పు లేదు. అయినను నాగార్జునసాగర్ నారాయణపూర్‌కు ముందు వచ్చినది. శ్రీశైలము కడపటికి పోయినది. వరద ఏ దారిని వచ్చునో ఈ పట్టిక చెప్పజాలదు. ఫైలులోని పంక్తుల వరుస కూడ ఒక సమాచారమే. దానిని వేరుగా ఎచ్చటను వ్రాయలేదు గనుక, చదువునప్పుడే పోగొట్టుకొన్నచో పట్టికనుండి తిరిగి రాబట్టలేము.

కావున ముందు ప్రశ్నను, తరువాత నిర్మాణమును నిర్ణయించుకొనవలెను. ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది సాధారణ వరుస పట్టిక. వచ్చిన పంక్తిని వచ్చినట్లు చివర చేర్చును. నది వరుస చెడదు. కాని ఒక పేరును వెదకుటకు మొదటినుండి చూచుకొని పోవలెను. ఏడు పేర్లకు ఇది కష్టము కాదు. పది లక్షల మాటలైనచో పది లక్షల పోలికలు కూడ కావచ్చును.

రెండవది హాష్ పట్టిక. పేరునుండి ఒక సంఖ్యను లెక్కగట్టి, ఆ సంఖ్య చూపిన గడిలో విలువను ఉంచును. వెదకుట సాధారణముగా ఒకటి రెండు అడుగులలో ముగియును. అయితే గడుల వరుసకు ఫైలు వరుసతో సంబంధము లేదు.

మూడవది సమతుల వృక్షము. 1962లో సోవియట్ గణితజ్ఞులు అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ ఇట్టి వృక్షమును ప్రకటించిరి. ఇందు పేర్లు ఎల్లప్పుడు క్రమములోనే యుండును. పది లక్షల పేర్లలో ఒకదానిని సుమారు ఇరువది, ముప్పది పోలికలలో పట్టవచ్చును. "జ" మొదలు "న" వరకు గల పేర్లన్నియు కావలెనన్నచో ఇదియే తగినది.

పైథాన్ భాషలోని "డిక్ట్" వేగముగా వెదకుటయే గాక, చేర్చిన వరుసను కూడ నిలుపును. 2018లో వెలువడిన 3.7 కూర్పునుండి ఇది భాషానియమమైనది. సి ప్లస్ ప్లస్‌లోని "అనార్డర్డ్ మ్యాప్" అట్టి హామీ నీయదు. అయితే డిక్ట్‌తో ఒక జాగ్రత్త వలయును. జూరాల పేరు ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి ఫైలులో వచ్చినచో, రెండవ విలువ మొదటిదానిని చెరిపివేయును. రెండును కావలెనన్నచో పేరు క్రింద ఒక చిన్న పట్టికను ఉంచవలెను.

మరియొక చిక్కు అంకెలది. జూరాల పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 1045 అడుగులు, శ్రీశైలముది 885, నాగార్జునసాగర్‌ది 590. ఫైలునుండి చదివినవి మొదట అక్షరములే గాని సంఖ్యలు కావు. అట్లే వాటిని ఆరోహణ క్రమమున అమర్చినచో 1045, 590, 885 అని వచ్చును. ఏలయనగా "1" అను గుర్తు "5"కు ముందున్నది. సంఖ్యగా మార్చిన పిదపనే అమర్చవలెను.

విద్యార్థులకు ఒక ప్రశ్న. జూరాలకు, శ్రీశైలమునకు నడుమ తుంగభద్ర వచ్చి కృష్ణలో కలియును. హోస్పేట వద్దనున్న తుంగభద్ర ఆనకట్టను కూడ ఫైలులో చేర్చినచో ఒకే వరుస చాలునా? చాలదు. జూరాల, తుంగభద్ర, రెండింటికిని దిగువనున్నది శ్రీశైలమే. కావున ప్రతి పేరు ప్రక్కన దాని దిగువ ఆనకట్ట పేరును వ్రాసికొనవలెను. అప్పుడు నది వలెనే పట్టికకును శాఖలు ఏర్పడును. ఆ ఎనిమిది మాటల ఫైలును కాగితము మీద గీచి చూచిన పిదపనే ప్రోగ్రాము వ్రాయుట మేలు.