ఆరని పొయ్యి దగ్గర మా అమ్మాయి

“అమ్మాయి ఉద్యోగం చేయడానికి మాకేం అభ్యంతరం లేదు వదినగారూ! ఆ రాత్రి డ్యూటీలు మాత్రం మానేస్తే బాగుంటుంది.”

కిందటి శ్రావణంలో మా అమ్మాయిని చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకు తల్లి అన్న మాట ఇది. కాఫీ గ్లాసు కింద పెడుతూ ఎంతో మెత్తగా అందావిడ. నేనూ అంతే మెత్తగా “దానికేముందండీ, మాన్పిస్తాం” అనేశాను. మా అమ్మాయి నావంక ఒక్క చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

నిజం చెప్పొద్దూ, అది నా మనసులో మాటే. హైదరాబాద్‌కు గంట ప్రయాణ దూరంలో ఉన్న ఒక గాజు పీచు కర్మాగారంలో అది ఇంజినీరు. గాజును కరిగించి దారం తీస్తారట. నెలలో ఒక వారం రాత్రి పని. ఆ వారమంతా తెనాలిలో నాకు నిద్రుండదు.

“పగటి పని ఇమ్మని అడగకూడదుటే?” అన్నాను ఆ రాత్రి.

“పొయ్యి రాత్రిపూట ఆగదమ్మా! ఒక్కసారి వచ్చి చూడు. ఆ తర్వాత నువ్వేం చెబితే అదే చేస్తాను” అంది.

ఉద్యోగుల ఇళ్లవాళ్లను లోపలికి రానిచ్చే రోజొకటి ఉంటే, వెళ్లాను.

పాకం పట్టడమే పని

ఇసుక, సున్నపురాయి, పింగాణీ మట్టి, బోరాన్ ఉన్న ఖనిజం... అన్నీ ముగ్గుపిండిలా మెత్తగా కొట్టి కొలిమిలోకి పోస్తున్నారు. లోపల వేడి సుమారు 1500 డిగ్రీలు! రంగు అద్దంలోంచి చూస్తే సూర్యుణ్ని చూసినట్టే ఉంది. ఈ కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. చల్లారితే గాజు లోపలే గడ్డకడుతుంది, ఇటుకలు పగులుతాయి. దానికి పండగా లేదు, ఆదివారమూ లేదు.

కరిగిన గాజు అక్కణ్నుంచి కాలవలో పారుతూ ‘బుషింగ్’ అనే పెట్టెలోకి వస్తుంది. అదేమిటో చెప్పమంటే మా అమ్మాయి నవ్వి, “మన జంతికల గొట్టమేనమ్మా! కాకపోతే ప్లాటినంతో చేసింది” అంది. అడుగున వందల నుంచి వేల దాకా సన్నని చిల్లులు. పెట్టెకే కరెంటు పంపి సుమారు 1200 డిగ్రీల వేడిలో ఉంచుతారు. అంత వేడిలో ఇనుము తుప్పుపట్టి గాజులో కలిసిపోతుంది. ప్లాటినం 1768 డిగ్రీల దాకా కరగదు. మరింత గట్టిదనానికి కాస్త రోడియం కలుపుతారు. పెట్టె అరిగిపోతే పారేయరు. మనం పాత బంగారు గాజులు కరిగించి కొత్తవి చేయించుకున్నట్టే, తూకం వేసి మళ్లీ చేయించుకుంటారు.

చిల్లుల్లోంచి గాజు బొట్లుగా దిగుతుంటే, కింద గిరగిరా తిరిగే చక్రం దాన్ని సెకనుకు ఇరవై ముప్ఫై మీటర్ల వేగంతో లాగేస్తుంది. చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే, పోగు మాత్రం వెంట్రుకలో ఆరో వంతో ఏడో వంతో! నీటి తుంపరలతో చల్లార్చి, నేతవాళ్లు పడుగుకు గంజి పెట్టినట్టు ఒక పూత పూసి, పోగులన్నీ కలిపి చుడతారు.

తీగపాకం పట్టినవాళ్లకు దీని కష్టం చెప్పక్కర్లేదు. వేడి కాస్త పెరిగితే కారిపోతుంది, తగ్గితే తెగిపోతుంది. ఆ పాకం చూసుకోవడమే మా అమ్మాయి ఉద్యోగం. నేనక్కడ ఉండగానే ఒక పోగు తెగింది. దాని చివర గాజు బొట్టు కట్టి, జారుతూ పక్క పోగుల్నీ తెంపేసింది. మా అమ్మాయి చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకుని వెళ్లి, అక్కడి పనివాడితో కలిసి పోగులు సర్ది మళ్లీ చక్రానికి ఎక్కించింది. ఇంట్లో కాఫీ కలపమంటే బద్ధకించే పిల్ల!

దుస్తులకు పుట్టి, పడవలకు ఎక్కి

గాజు దారం కొత్తదేమీ కాదట. 1893లో షికాగో ప్రదర్శనలో లిబ్బీ అనే గాజు వ్యాపారి పట్టుతో కలిపి నేయించిన గాజు దుస్తులు పెట్టాడు. జార్జియా కేవన్ అనే నటి కోసం చేయించినవవి. 1932లో డేల్ క్లైస్ట్ అనే కుర్రాడు గాజు దిమ్మెలు అతికించబోతుంటే, గాలి జోరు తగిలి కరిగిన గాజు పీచు పీచుగా ఎగిరిందట. చౌకగా గాజు ఉన్ని తయారుచేయడానికి అదే దారి చూపింది. ఇప్పుడా ఉన్నిని తీసే యంత్రాన్ని చూస్తే తిరునాళ్లలో పీచు మిఠాయి బండి గుర్తొస్తుంది. గిరగిరా తిరిగే గిన్నె పక్క చిల్లుల్లోంచి పీచు ఎగురుతుంది.

కిటికీకి కొట్టించే దోమల జాలీ, టీవీ లోపలి సర్క్యూట్ పలక, గాలిమరల రెక్కలు, మన తీరంలో జాలర్ల ఫైబర్ పడవలు... వీటన్నిటిలో ఈ గాజు పోగే ఉంది.

“మరి ఈ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోదుటే?” అన్నాను. ఇలా లాగిన పోగు మందంగా ఉంటుంది కనుక లోతుకు పోవడం కష్టమట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా 2001లో పరిశీలించి, దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చలేదు. చర్మానికి దురద మాత్రం ఖాయం. అలా దురద పుడితే రుద్దకండి, గోకకండి. ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడుక్కోవాలి. ఆ బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకాలి.

తిరిగి వస్తూ అసలు సంగతి అడిగాను. “1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లు రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా పని చేయకూడదంది. ఇరవైనాలుగు గంటలూ మండే పొయ్యి దగ్గరికి ఇక మమ్మల్ని ఎవరు రానిస్తారు? 2020లో చేసిన కొత్త చట్టం, ఆమె ఒప్పుకుంటే, రక్షణ ఏర్పాట్లు ఉంటే రాత్రీ చేయొచ్చంది. ఇన్నేళ్లకు తెరిచిన తలుపును నేనే వేసుకోనా అమ్మా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. రాత్రి బండి ఎవరు నడుపుతారు, తోడు ఎవరుంటారు అని మాత్రం అడిగి, డ్రైవరు నంబరు రాసుకున్నాను.

ఇంటికి రాగానే పెళ్లివారికి ఫోన్ చేశాను. “వదినగారూ, ఆ రోజు నేను తొందరపడి మాటిచ్చాను. అది నేనివ్వాల్సిన మాట కాదు. మీరూ ఒకసారి వెళ్లి చూసి రండి” అన్నాను. “ఆలోచించి చెబుతాం” అన్నారావిడ.

నెలయింది, ఇంకా చెప్పలేదు. చెబితే సంతోషం. చెప్పకపోతే, మా అమ్మాయి పాకం విలువ తెలిసిన ఇల్లు ఇంకోటి వెతుక్కుంటాం.