మాజీ సైనికుడి చేతిలోని 36 నెలలు

అమెరికాలో సైన్యం వదిలి పోలీసు, దర్యాప్తు ఉద్యోగాల వైపు చూసేవారికి క్రిమినల్ జస్టిస్ డిగ్రీ తొలిమెట్టులా కనిపిస్తుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత పనిచేసినవారి చదువుకు జీఐ బిల్లు కింద ప్రభుత్వం డబ్బిస్తుంది. అదీ సాధారణంగా 36 నెలలకే. అందుకే కోర్సు పేరుకన్నా ముందు కాలేజీ నడత చూడాలి. ఈ సొమ్ము మీద లాభాపేక్ష కాలేజీలు కన్నేశాయి. వాటిలో ఒకటైన, క్రిమినల్ జస్టిస్ కోర్సూ నడిపిన ఐటీటీ టెక్ 2016లో మూతపడింది. అలాంటి కాలేజీల ఆదాయంలో ఫెడరల్ సొమ్ము 90 శాతం మించకూడదన్న నిబంధన ఉన్నా, జీఐ బిల్లు డబ్బును అందులో లెక్కించేవారు కాదు. ఆ కంతను పూడ్చే చట్టం 2021లో గాని రాలేదు. ఆలస్యమే అనాలి.

ఉద్యోగం, సంసారం ఉన్నవారికి ఆన్‌లైన్ చదువే దిక్కు కదా అనవచ్చు. నిజమే, కానీ పూర్తిగా ఆన్‌లైన్ అయితే జీఐ బిల్లు కింద వచ్చే ఇంటి భత్యం జాతీయ సగటులో సగానికి పడిపోతుంది. అసలు పోలీసు కావాలంటే డిగ్రీ ఉండాలా? చాలాచోట్ల హైస్కూలు చదువు సరిపోతుంది. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంటుకు డిగ్రీ తప్పనిసరే, అయితే ఫలానా సబ్జెక్టే కావాలని లేదు. అకౌంటింగ్, కంప్యూటర్లు చదివినవారికీ అక్కడ చోటుంది. అయినా డిగ్రీ చదవాలనుకుంటే, సైనిక శిక్షణకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారో కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరండి.